డిసెంబరు ముప్పై ఒకటి దాకా

మిల్లు మూసేసిన రోజు గేటు దగ్గర ఒక అట్టపెట్టె పెట్టినారు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, తలకు కట్టుకునే నీలం గుడ్డ, ఈఎస్ఐ కార్డు అందులో వేసి, ఆఖరి నెల జీతం చీటీ తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి బయటికి పోవాల. సూపర్‌వైజర్ పరమేష్ కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నాడు. నూట పది మంది ఆడవాళ్ళం వరుసలో నిలబడి ఉన్నాం. నూలుకు ధర పడిపోయిందనీ, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదనీ పదిరోజుల ముందే చెప్పేసినారు కాబట్టి, ఏడవాల్సినవాళ్ళు అప్పటికే ఏడ్చేసి ఉన్నారు.

నా ముందు ఈరక్క ఉంది. ఆమె గుర్తింపు కార్డూ గుడ్డా పెట్టెలో వేసి, చీటీ కోసం చెయ్యి చాపింది.

"ఈఎస్ఐ కార్డేది?" అన్నాడు పరమేష్.

"తేలేదప్పా. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండాది."

"రేపు తెచ్చియ్యి. ఉద్యోగం పోయినాక అది చెల్లదు. పెట్టుకుని ఏం చేసుకుంటావు?"

"చెల్లనిదైతే నీకేంటికప్పా మళ్ళా?" అంది ఈరక్క.

పరమేష్‌కు పై నుంచి తీసుకోమని చెప్పినారు, తీసుకుంటున్నాడు, అంతే. చీటీ ఇచ్చి పంపించినాడు. నా వంతు వచ్చినప్పుడు నేను మాత్రం నోరెత్తకుండా నా కార్డు పెట్టెలో వేసి వచ్చినా.

నా పేరు శివజ్యోతి. ఆ మిల్లులో ఆరేళ్ళు, కండెలకు దారం చుట్టే మిషను మీద ఈరక్క పక్కనే పనిచేసినా. ఆమె నాకంటే ముందే తొమ్మిదేళ్ళు చేసింది. దేవనకొండ పక్క పల్లె వాళ్ళది. వానల్లేని ఏడాది ఒకటి చూసి, భార్యాభర్తలు కర్నూలు వచ్చి కల్లూరులో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకున్నారు. భర్త అయ్యన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఎర్రగడ్డల, అంటే ఉల్లిపాయల, మూటలు లారీలకు ఎత్తేది, దించేది. ఉన్న ఒక్క కూతురికి పెళ్ళయి ఆదోనిలో ఉంది.

మా జీతం పదకొండు వేలలో నెలకు ఎనభై రూపాయల చిల్లర ఈఎస్ఐ కింద పట్టుకునేవాళ్ళు. మిల్లు దానికి నాలుగింతలు కలిపి కట్టేది. అందుకు డిస్పెన్సరీలో మాకూ ఇంట్లోవాళ్ళకూ చూపించుకోవచ్చు, మాత్రలిస్తారు. పెద్ద జబ్బయితే ఆసుపత్రికి రాసి పంపిస్తారు. నేను థైరాయిడ్ మాత్రలు అక్కడే తెచ్చుకునేదాన్ని. మార్చిలో ఆ మాత్రలు అయిపోయినాయి. మెడికల్ షాపుకు పోయి పది మాత్రలు కొనుక్కుని, రోజుకు సగం వేసుకోవడం మొదలుపెట్టినా.

ఈరక్క అట్లా చేయలేదు. ఏప్రిల్ నడుమ బీపీ మాత్రలు అయిపోయిన రోజు, ఎప్పటిలాగే ఇస్త్రీ చీర కట్టుకుని డిస్పెన్సరీకి పోయింది. మందులిచ్చే కిటికీ దగ్గర ఏసుమణి అని ఒక ఫార్మసిస్టు ఉంటుంది. ఈరక్క కార్డు ముందు పెట్టి, దాచకుండా చెప్పేసింది.

"అమ్మా, మా మిల్లు మూసేసినారు. ఈ కార్డు చెల్లదని చెప్పినారు. చెల్లకుంటే చెల్లదని నువ్వే నోటితో చెప్పు. పోతా."

ఏసుమణి మాత్రలు లెక్కపెట్టడం ఆపలేదు. "ఎవరు చెప్పినారు? మిల్లు మూసేది వాళ్ళిష్టం. మీరు కట్టింది ఎవరూ మూయలేరు కదా. ఇను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి, తర్వాత జనవరి నుంచి జూన్ దాకా వైద్యం. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి, జూలై నుంచి డిసెంబరు దాకా. ముందు కడతారు, తర్వాత వాడుకుంటారు. ఆ ఆరు నెలల్లో డెబ్బై ఎనిమిది దినాలు పని చేసుంటే సాలు."

"మేము ఫిబ్రవరి ఆఖరు దాకా చేసినాం."

"అయితే నీకు డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఉండాది. నీ ఇంటాయనకు గూడా."

ఈరక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. మాత్రల కవరు మీద ఆ తేదీ రాయించుకుంది. అక్కడినుంచి ఇంటికి పోలేదు, నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను బియ్యం ఏరుకుంటున్నా.

"శివజ్యోతీ, నీ జీతం చీటీలు యాడ పెట్టినావు?"

"ఏంటికక్కా?"

"దాంట్లో పది అంకెల నంబరు ఉంటాది. కార్డు పోయినా నంబరు పోదంట. లే, లే."

చీటీలు బీరువాలో చీరల కింద ఉన్నాయి. నాలుగు నెలలవి దొరికినాయి. పనిదినాలు కూడితే తొంభై ఆరు వచ్చింది. నేను నమ్మలేదు. సూపర్‌వైజర్ చెప్పింది అబద్ధమా అని అడిగినా.

"ఆయప్పకూ తెలీదులే. తెలీనోళ్ళు చెప్పింది మనం ఇన్నాం. ఇప్పుడు తెలిసినామె చెప్పింది, ఇది ఇందాం."

మరుసటి రోజు నా మాత్రలు నాకు వచ్చినాయి. మొత్తం నెలకు సరిపోయేవి. కిటికీ దగ్గర నిలబడి ఒక మాత్ర అక్కడే మింగినా. సగం చేయకుండా.

ఆ తర్వాత పదిరోజులు ఈరక్క నన్ను ఇంట్లో కూర్చోనియ్యలేదు. మిల్లు ఆడవాళ్ళు కల్లూరు చుట్టుపక్కల వీధుల్లోనే ఉండేవాళ్ళు. ఇంటింటికీ పోయినాం. ఈరక్క మాట్లాడేది, నేను చీటీలు చూసి దినాలు కూడేదాన్ని. కొందరు "పోనీలేక్కా, ఆడ ఎవరు చుట్టూ తిరుగుతారు" అన్నారు. ఒకామె తలుపే తీయలేదు, ఏదో చిట్టీల వాళ్ళమనుకుంది. అయినా ఇరవై తొమ్మిది మంది తేలినారు. ఒకరికి పంటి నొప్పి, ఒకరి మొగుడికి కంట్లో శుక్లం, ఒకరి బిడ్డకు చెవిలో చీము. అందరం ఒకే రోజు డిస్పెన్సరీకి పోయేసరికి వరండా నిండిపోయింది. ఏసుమణి కిటికీలోనుంచి తల బయటికి పెట్టి, "ఏం ఈరక్కా, మిల్లునంతా ఈడికే తెచ్చినావే!" అంది. రోజుకు ఆరుగురికి మించి రావద్దని చెప్పింది. చెప్పింది గాని, ఆరోజు వచ్చినవాళ్ళలో ఎవరినీ వెనక్కి పంపలేదు.

ఒక్క సుబ్బరత్నమ్మ చీటీల దగ్గర లెక్క తప్పింది. ఆమె కూతురి కాన్పుకని నవంబరు, డిసెంబరు రెండు నెలలూ మైదుకూరులో ఉండిపోయింది. ఎన్నిసార్లు కూడినా అరవై నాలుగు దినాలే. అంటే ఆమెకు డిసెంబరు దాకా లేదు, అంతకుముందు కట్టినదానికి జూన్ ముప్పై దాకే. సుబ్బరత్నమ్మకు గర్భసంచిలో గడ్డలు. నెలలో పదిహేను రోజులు నెత్తురు పోతూ మనిషి పాలిపోయి ఉంది.

"నాకు రాసిపెట్టి లేదులే" అని చీటీలు మడిచి పెట్టుకుంది.

"లేకపోవడమేంది? రెండు నెలలు ఉండాది" అంది ఈరక్క. "రెండు నెలలంటే అరవై దినాలు. నువ్వు కాన్పుకు పోయి కూతుర్ని లేపి కూసోబెట్టినావు అన్ని దినాల్లో. ఇప్పుడు నీ వంతు."

డిస్పెన్సరీలో ఆసుపత్రికి రాసి పంపినారు గానీ, నెత్తురు తక్కువగా ఉందని అక్కడ ఆపరేషను రెండుసార్లు వాయిదా వేసినారు. ఈరక్క రోజూ పొద్దున బెల్లం వేసిన రాగిజావ గిన్నెలో పోసుకుని పోయి, తాగేదాకా ఎదురుగా కూర్చునేది. జూన్ పంతొమ్మిదిన ఆపరేషను జరిగింది. ఇరవై ఆరున ఇంటికి వచ్చింది. జూలై ఒకటి నాటికి ఆమె పేరు మీద వైద్యం లేదు, కానీ ఆమెకు దాని అవసరమూ లేదు.

ఇన్ని ఇళ్ళు చక్కబెట్టిన ఈరక్కకు సొంత ఇంట్లో మాత్రం మాట చెల్లలేదు. అయ్యన్నకు రెండేళ్ళ కిందటే పేగు జారింది. గజ్జల్లో నిమ్మకాయంత వాపు. లుంగీ కింద తువ్వాలు బిగించి కట్టుకుని మూటలెత్తేవాడు. సాయంత్రానికి నడక వంకరపోయేది. ఆపరేషను చేయించుకోమని డిస్పెన్సరీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. తెల్ల రేషను కార్డు ఉంటే సర్కారు ఖర్చుతో చేయించుకునే దారి ఉండేదేమో గానీ, మరిది కారు కొన్నాడని ఉమ్మడి కార్డు పోయింది, వీళ్ళకు వేరు కార్డు ఇంకా రాలేదు. మిల్లు మూసినప్పుడు ఈరక్క ఇక ఆపరేషను మాట ఎత్తదని ఆయన కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. తేదీ సంగతి తెలిసి ఈరక్క ఎగురుకుంటూ ఇంటికి పోతే, "ఎండలు తగ్గనీ" అన్నాడు. ఎండలు తగ్గినాక "వానలు పడనీ" అన్నాడు. ఆగస్టులో యార్డుకు ఎర్రగడ్డలు రావడం మొదలయింది. ఇక పట్టడానికే దొరకలేదు.

"ఇంత పెద్ద మనిషి, కత్తికి భయపడతాడు" అని ఈరక్క అందరి ముందూ అనేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ ఆగస్టులోనే మేము ముగ్గురం ఊళ్ళోనే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర జొన్నరొట్టెల బండి పెట్టినాం. ఈరక్క రొట్టె తడుతుంది, నేను కాలుస్తా, సుబ్బరత్నమ్మ కుర్చీలో కూర్చుని ఉల్లికారం నూరి పొట్లాలు కడుతుంది. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా. మొదటి వారం నలభై రొట్టెలు అమ్మితే గొప్ప. చక్కెర జబ్బువాళ్ళ పుణ్యమా అని దసరా నాటికి నూరు దాటినాయి. అన్నం మానేసి రొట్టె తినమని డాక్టర్లు చెప్తారు, ఇంట్లో తట్టేవాళ్ళుండరు. స్కూటర్లు ఆపి తీసుకుపోయేవాళ్ళు.

డిసెంబరు పదమూడున, మేము బండి సర్దుకుంటుండగా హనుమేష్ అని అయ్యన్నతో పనిచేసే హమాలీ పరుగున వచ్చినాడు.

"అక్కా, అన్న మూట దించి కింద కూసున్నాడు. లేయలేకున్నాడు. ఆటోలో ఇంటికి తెచ్చినాం."

పోయి చూస్తే అయ్యన్న మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ముఖమంతా చెమట. అప్పటికి వాపు లోపలికి పోయిందట, నొప్పి కొంచెం తగ్గింది. ఈరక్క అరవలేదు. నీళ్ళు తాగించి, పక్కన కూర్చుంది. మెల్లగా అడిగింది.

"ఇంకా పద్దెనిమిది దినాలే ఉండాది. ఏంటికయ్యా ఒప్పుకోవు? కత్తికేనా?"

అయ్యన్న గోడవైపు తిరిగినాడు. "కత్తికి కాదు. డాక్టరమ్మ చెప్పిండ్లా, కోసినాక మూడు నెలలు మూట ఎత్తగూడదని. నీకు పని పాయె. నేనుగూడా కూసుంటే ఇద్దరం ఏం తింటాం?"

ఎనిమిది నెలలుగా ఆయన వాయిదా వేసింది ఇందుకని ఎవరికీ తట్టలేదు. అంతా పిరికితనమనుకున్నాం. ఈరక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఆమెకు నీళ్ళు రావడం నేను మిల్లు మూసిన రోజు కూడా చూడలేదు. కొంగుతో తుడుచుకుంది.

"ఏం తింటామా? రొట్టెలు తింటాం" అంది. "దినానికి నూట ఇరవై తడుతాండా. దాంట్లో నీకు నాలుగు మిగలవా?"

అయ్యన్నకు నొప్పిలోనూ నవ్వొచ్చింది.

"నిన్ను పిరికోడని నలుగురిలో అన్నా. తప్పు నాది" అంది ఈరక్క. "నువ్వు ముందే ఈ మాట చెప్పుంటే అనేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పినావు గదా, అయిపోయింది. రేపు పొద్దున ఎనిమిదికి తయారుగుండు."

డిస్పెన్సరీలో డాక్టరమ్మ చూసి, ఇంక ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుంటుందని చెప్పి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. పరీక్షలన్నీ అయ్యేసరికి వారం పట్టింది. చేర్పించే రోజు నేనూ తోడు పోయినా. కౌంటర్లో క్రాంతి కుమార్ అని ఒక యువకుడు కాగితాలు తిప్పుతూ అడిగినాడు.

"మీరు పనిచేసే కంపెనీ ఏదమ్మా?"

"మూసేసినారు."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

అతను పెన్ను కింద పెట్టినాడు. "పది నెలలయిందే. అయితే ఇది కుదురుతుందో లేదో..."

ఈరక్క కౌంటరు మీద మోచేతులు ఆనించి, గొంతు పెంచకుండా చెప్పింది.

"కుదురుతుందా లేదా అని నువ్వు ఆలోచన పెట్టుకోవద్దు నాయనా. ఉత్తరంలో నా నంబరు ఉండాది. ఆ డబ్బాలో కొట్టు. ఏం తేదీ వస్తాందో గట్టిగా సదువు."

అతను కొట్టినాడు. తెరకేసి చూసి, దగ్గరికి జరిగి మళ్ళీ చూసినాడు. "ముప్పై ఒకటి, పన్నెండు. ఉందమ్మా, మీ వారికీ ఉంది." కాగితాల మీద ముద్ర వేస్తూ, "నాకు ఈ సంగతి తెలియదు. మీకెట్లా తెలుసు?" అని అడిగినాడు.

"కట్టినోళ్ళం మేము గదా" అంది ఈరక్క. తర్వాత అతనికి ఆ ఆరు నెలల లెక్క మొత్తం చెప్పింది. పాపం అతను ఒక చీటీ మీద రాసుకున్నాడు. అట్లా మిల్లులు మూతబడి వచ్చేవాళ్ళు ఇంకా ఉంటారని అన్నాడు.

డిసెంబరు ఇరవై మూడున ఆపరేషను అయింది. గంటన్నర. బయటికి తెచ్చినప్పుడు అయ్యన్న మత్తులో ఏదో లారీ నంబరు చెప్తున్నాడు. ఇరవై ఏడున ఇంటికి పంపించినారు. కట్లు విప్పడానికి ముప్పయ్యో తారీఖు రమ్మన్నారు, పోయి విప్పించుకుని వచ్చినారు. ఆరోజు ఈరక్క ఏసుమణి కిటికీ దగ్గరికి పోయి, ఆఖరుసారి నెల బీపీ మాత్రలు తీసుకుని, పన్నెండు రొట్టెలూ ఉల్లికారమూ కిటికీలో పెట్టి వచ్చింది. ఏసుమణి వద్దంటే, "ఇది లంచమెట్లయితాది, ఎల్లుండి నుంచి నాకు నీతో పనేముండాది?" అందట.

పని లేకుండా ఎక్కువ రోజులు గడవలేదు. జనవరిలో ఓర్వకల్లు దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీకి ఆడవాళ్ళు కావాలని తెలిసి మిల్లులో చేసినవాళ్ళం పదకొండు మంది పోయినాం. రాళ్ళగుట్టల పక్కన పొడుగాటి రేకుల షెడ్డు. ఇంకా రంగు వాసన పోలేదు. మేనేజరు ఒక ఆడమనిషి, యామిని అని, మా అనుభవం అడిగి, జీతం పన్నెండున్నర వేలు అని చెప్పి, "మీకేమైనా అడగాలని ఉందా?" అంది.

మేము బస్సు సంగతి అడుగుదామనుకున్నాం. ఈరక్క ముందుకు వచ్చింది.

"మేడమ్, ఈఎస్ఐ మొదటి నెల నుంచే కడతారా? మూడు నెలలు చూసి కడతామంటే మాకొద్దు."

యామిని మా పదకొండు ముఖాలూ చూసింది. "మొదటి నెల నుంచే. అందరూ ముందు జీతం పెంచమని అడుగుతారు, మీరేంటండీ?"

"జీతం కూడా అడుగుతాం. అది రెండోది" అంది ఈరక్క. అడిగింది కూడా. మూడు వందలు పెరిగింది.

నేను ఫ్యాక్టరీలో చేరలేదు. రొట్టెల బండి సుబ్బరత్నమ్మ ఒక్కతి చూసుకోలేదు, పైగా నాకు ఆ పని నచ్చింది. మా ఆయన ఆర్టీసీ వర్క్‌షాపులో కుదిరినాడు, నా మాత్రలు ఇంక ఆయన కార్డు మీద వస్తాయి. ఈరక్క పొద్దున ఆరుంబావుకు కంపెనీ బస్సెక్కుతుంది. ఆమె పోయిన చోటు ఖాళీ కాకుండా అయ్యన్న వచ్చి కూర్చున్నాడు. బరువు ఎత్తకూడదు గానీ పిండి తడపొచ్చని డాక్టరు చెప్పినాడు. మూటలు మోసిన చేతులు కదా, మొదట్లో రొట్టె తడితే పెనం పగిలేట్టు చప్పుడయ్యేది, రొట్టె ఒకవైపు అట్టలాగా, ఇంకోవైపు అప్పడంలాగా వచ్చేది. రోజూ వచ్చే ఒక బ్యాంకు ఆయన రొట్టెను పైకెత్తి చూసి, "ఏమప్పా, ఇది ఏ ఊరి రొట్టె?" అని అడిగినాడు.

"దేవనకొండది సార్" అన్నాడు అయ్యన్న. "రెండు తినండి. మూడోది గుండ్రంగా ఇస్తా."

ఇచ్చినాడు కూడా.